బ్యారన్ కూల్చివేత... బేరానికి ముందే జాగ్రత్త

* సామాను విలువపైనే లెక్కలు... గోడల ముప్పు గాలికి
* పైకప్పు, వాసాలు తీశాక ఒంటరిగా నిలిచే గోడలతోనే ప్రమాదం
* కాగితంపై ఒప్పందం లేకుంటే కూలీకీ, రైతుకూ నష్టమే

ఒంగోలు: పొగాకు పొలాల గట్ల వెంట పాతబడి నిలిచిన బ్యారన్లు ప్రకాశం జిల్లా పల్లెలకు కొత్త కాదు. పైకప్పు రేకులు ఎగిరిపోయి, గోడలు బీటలు వారి, పొయ్యి ముందు పిచ్చిచెట్లు మొలిచిన బ్యారన్‌ను చూసిన పాత సామాను వ్యాపారి ఏదో ఒక రోజు రైతు గుమ్మంలోకి వస్తాడు. "సామానంతా మాకు వదిలేయండి బాబాయ్, కూలి మేమే పెట్టుకుంటాం, పైన మీకే ఎంతో కొంత ఇస్తాం" అంటాడు. పనికిరాని కట్టడం పోతుంది, చేతికి నాలుగు డబ్బులు వస్తాయి, స్థలం ఖాళీ అవుతుంది. రైతుకు ఇంతకంటే కావలసిందేముందని అనిపిస్తుంది. బేరం నోటిమాటగా ముగుస్తుంది. మర్నాడే గునపాలు దిగుతాయి.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. బ్యారన్‌లో విలువైన సామానంతా పైకప్పులోనూ, లోపలి వాసాల్లోనూ, ఇనుప గొట్టాల్లోనూ ఉంటుంది. ప్రమాదమంతా గోడల్లో ఉంటుంది. విలువైనది ముందుగా తీసుకుపోవాలన్నది గుత్తదారు ఆత్రం. కానీ ఆ సామానే గోడలను పట్టి నిలిపే కట్టు. కట్టు ఊడిన తర్వాత మిగిలిన గోడలను త్వరగా పడగొట్టి పని ముగించాలన్న తొందరలో కూలీల ప్రాణాలు పణంగా మారుతున్నాయి. ఏది ముందు తీయాలి, ఏది తర్వాత తీయాలి అన్న విషయం బేరంలోనే తేల్చుకుంటే ఈ ముప్పులో చాలా భాగం తప్పుతుంది.

ఎందుకు కూలుస్తున్నారు?

గుంటూరు పరిసరాల్లో 1920 దశకంలో వేళ్లూనుకున్న వర్జీనియా పొగాకు సాగు తర్వాతి దశాబ్దాల్లో ప్రకాశం, నెల్లూరు, పశ్చిమ గోదావరి ప్రాంతాలకు విస్తరించింది. పొగాకు బోర్డు 1976లో గుంటూరు కేంద్రంగా ఏర్పడింది. రాష్ట్రంలో వేలం కేంద్రాల ద్వారా అమ్మకాలు 1985లో ప్రారంభమయ్యాయి. టంగుటూరు, కొండపి, పొదిలి, కనిగిరి, కందుకూరు, కలిగిరి, జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం, దేవరపల్లి వంటి ఊళ్ల పేర్లు వేలం కేంద్రాలతోనే పెనవేసుకుపోయాయి. పంట పెరిగిన కొద్దీ బ్యారన్లూ పెరిగాయి.

తర్వాత ఒడుదొడుకులు వచ్చాయి. 2000-01 సీజనులో రాష్ట్రంలో పంట విరామం ప్రకటించారు. 2015లో ధరలు పతనమై ప్రకాశం జిల్లా రైతులు తీవ్ర సంక్షోభంలో కూరుకుపోయారు. కట్టెల ఖర్చు, కూలీల కొరత భరించలేక కొందరు శనగ, కంది, మిర్చి వైపు మళ్లారు. కొందరు పట్టణాలకు వెళ్లిపోయారు. పొగాకు మానని రైతులు సైతం పాతికేళ్లు, ముప్ఫయ్యేళ్లు వాడిన బ్యారన్ శిథిలమైతే దానిని తొలగించి కొత్తది కట్టుకోవాలనుకుంటారు. అన్నదమ్ములు పంపకాలు వేసుకున్నప్పుడు, రోడ్డు పక్క పొలం ఇంటి స్థలంగా మారినప్పుడు కూడా మొదట కూలేది బ్యారనే.

బ్యారన్ నిర్మాణం వేరు

ఇల్లు కూల్చిన అనుభవం ఉన్న మేస్త్రి బ్యారన్‌ను కూడా అలాగే కూల్చవచ్చనుకుంటే పొరపాటు. ఇంట్లో అడ్డగోడలు ఉంటాయి. ఒక గోడకు మరో గోడ ఆసరాగా నిలుస్తుంది. బ్యారన్ లోపల అడ్డగోడ ఉండదు. నాలుగు ఎత్తయిన గోడలు, మధ్యలో ఖాళీ. వాడుకలో ఉన్న కొలతల్లో 16 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పు గలది ఒకటి. 16 అడుగుల వెడల్పు, 24 అడుగుల పొడవు గలది మరొకటి. పచ్చాకు గుచ్చిన కర్రలను వరుసలు వరుసలుగా వేలాడదీసేందుకు గోడ నుంచి గోడకు అడ్డంగా వాసాలు వేస్తారు. బయట పొయ్యిలో రగిలిన మంట వేడి, నేలపై అమర్చిన ఇనుప రేకు గొట్టాల గుండా లోపలంతా తిరిగి పొగగొట్టం ద్వారా బయటికి పోతుంది. ఆకు పసుపు రంగుకు తిరగడం, ఆకు ఆరడం, ఈనె ఆరడం అనే దశల్లో క్యూరింగ్ పూర్తికావడానికి అయిదు నుంచి ఏడు రోజులు పడుతుంది. చివరి దశలో లోపలి వేడి సుమారు 160 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 71 డిగ్రీల సెల్సియస్ దాకా చేరుతుంది.

ఏటా పలుమార్లు ఇలా వేడెక్కి చల్లారిన గోడల్లో నిలువు బీటలు పడటం సహజం. పాత బ్యారన్లలో చాలావాటిని బంకమట్టితోనో, సున్నంతోనో కట్టారు. సిమెంటు పూత పైన మాత్రమే కనిపిస్తుంది. పూత గట్టిగా ఉన్నంత మాత్రాన లోపలి మట్టి గట్టిగా ఉన్నట్లు కాదు. పైకప్పు పోయి రెండు మూడు వానకాలాలు నానిన గోడ అయితే ఇటుకల మధ్య మట్టి జారిపోయి, కేవలం బరువు మీద నిలబడి ఉంటుంది. ఇన్నాళ్లూ వాటిని కలిపి పట్టుకున్నవి అడ్డ వాసాలు, పైకప్పు చట్రం మాత్రమే.

ఒక్క గోడ పది టన్నులు

గోడ బరువెంతో చాలామందికి అంచనా ఉండదు. 16 అడుగుల పొడవు, 16 అడుగుల ఎత్తు, 9 అంగుళాల మందం గల గోడను లెక్కిస్తే 192 ఘనపుటడుగులు వస్తుంది. ఇటుక కట్టుబడి బరువు ప్రకారం అది దాదాపు 10 టన్నులు. రెండు లారీల ఇసుక ఒక్కసారిగా మీద పడినట్లే. అది ఎటు ఒరుగుతుందో పడే వరకు తెలియదు. పడేందుకు పట్టే సమయం రెండు మూడు సెకన్లు. గోడ అడుగున గునపం పట్టుకుని వంగి ఉన్న మనిషి పరుగెత్తడానికి ఆ వ్యవధి చాలదు.

గోడ మొదట్లో ఇటుకలు తొలిచి, పైన మోకు కట్టి లాగడం పల్లెల్లో కనిపించే పద్ధతి. ఒక్క పూటలో పని అయిపోతుందని గుత్తదారులు దీన్నే ఇష్టపడతారు. అన్నిటికన్నా ప్రమాదకరమైనదీ ఇదే. మొదలు తొలిచిన గోడ లాగకముందే కూలవచ్చు. బయటికి లాగితే లోపలికి ఒరగవచ్చు. బీట ఉన్నచోట రెండుగా చీలి, సగం ఇటు సగం అటు పడవచ్చు. ఒక గోడ పడిన అదురుకు ఎదుటి గోడ కూలవచ్చు. రెండు బ్యారన్లు ఒకే గోడను పంచుకుని కట్టినచోట ఒకదానిని తొలగిస్తే రెండోది బలహీనపడుతుంది.

ఏ వరుసలో తీయాలి?

భవనాల కూల్చివేతలో పాటించవలసిన జాగ్రత్తలపై భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 4130 పేరుతో నియమావళిని రూపొందించింది. దాని సారాంశం పల్లె మేస్త్రికీ అర్థమయ్యేదే: కట్టిన వరుసకు తిరుగు వరుసలో, పై నుంచి కిందికి తీసుకురావాలి. బ్యారన్‌కు దీన్ని అన్వయిస్తే పని ఇలా సాగాలి.

1. మొదట విద్యుత్తు తీగ ఉంటే తీయించాలి. మీటరును, సర్వీసు తీగను విద్యుత్ సిబ్బందే తొలగించాలి. ఇందుకు 1912 నంబరుకు గానీ, స్థానిక విద్యుత్ కార్యాలయానికి గానీ ముందుగా తెలపాలి.

2. గోడ ఎత్తుకు ఒకటిన్నర రెట్ల దూరంలో చుట్టూ తాడు కట్టాలి. 16 అడుగుల గోడకు ఇది 24 అడుగులు. పని చేసేవారు తప్ప మరెవరూ ఆ గీత దాటరాదు. ఇటుకలకు అంటిన మట్టి గీకే ఆడకూలీలను, వారి వెంట వచ్చే పిల్లలను గీతకు అవతలే ఉంచాలి. పశువులను ఆ దాపున కట్టేయరాదు.

3. లోపల పాములు, తేళ్లు, తేనెపట్లు, కందిరీగలు ఉన్నాయేమో చూసుకున్నాకే మనిషి లోపలికి వెళ్లాలి. ఏళ్ల తరబడి మూసి ఉన్న బ్యారన్‌ను ఒక పూట తలుపులు తెరిచి ఉంచడం మేలు.

4. ఇనుప గొట్టాలను, పొగాకు కర్రలను గోడలు దృఢంగా ఉండగానే, అంటే పైకప్పు జోలికి పోకముందే బయటికి తెచ్చుకోవాలి. నేల మీది గొట్టాలతో గోడలకు ఆసరా ఏమీ లేదు గనుక వాటిని ముందు తీసినా నష్టం లేదు.

5. తర్వాత పైకప్పు రేకులు లేక పెంకులు తీయాలి. దాని వెంటే చట్రం దించాలి.

6. అడ్డ వాసాలన్నీ ఒకేసారి పీకేయకూడదు. ముప్పుకు మూలం ఈ ఒక్క పొరపాటే. పై వరుస వాసాలు తీసి, ఆ ఎత్తు వరకు నాలుగు గోడలనూ వరుస వరుసగా దించి, ఆపైనే రెండో వరుస వాసాలను ముట్టుకోవాలి. గోడ, వాసం జంటగా కిందికి దిగాలి.

7. గోడ మీద నిలబడి పనిచేయరాదు. సరుగుడు కర్రలతో గానీ, ఇనుప పైపులతో గానీ గోడపై ఆధారపడకుండా విడిగా నిలిచే పరంజా కట్టుకోవాలి. ఊడదీసిన ఇటుకలను పరంజాపైన, వాసాలపైన పేర్చకూడదు.

8. ఏ పూటకైనా పని ఆపేటప్పుడు ఒంటరి గోడను ఎత్తుగా వదలకూడదు. రాత్రి గాలివాన వస్తే తెల్లవారేసరికి అది ఎవరి మీద పడుతుందో చెప్పలేం.

జేసీబీతో పడగొడితే మనిషి గోడ కిందికి వెళ్లనవసరం లేదు. అయితే యంత్రం చేయి గోడ కొసకు అందాలి. అందకపోతే డ్రైవరు గోడను నడుమ పొడుస్తాడు. అప్పుడు పై భాగం యంత్రం మీదికే వస్తుంది. ఎత్తు ఎక్కువగా ఉన్నచోట చేయి పొడవైన పొక్లెయిన్ కావాలి. యంత్రంతో పడగొడితే ఇటుకలు ఎక్కువగా పగిలిపోతాయి. ఈ నష్టాన్ని బేరంలో ముందే లెక్కించుకోవాలి.

ఇక కాలం. డిసెంబరు నుంచి మార్చి, ఏప్రిల్ వరకు క్యూరింగ్ రోజులు. ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. నానిన మట్టి గోడ జోలికి పోరాదు. కాబట్టి ఏప్రిల్, జూన్ నడుమ పొడి రోజులే అనువైనవి. ఎండ తీవ్రత వలన ఉదయం 6 నుంచి 11 గంటల లోపు పని ముగించే ఏర్పాటు చేసుకోవాలి.

సిమెంటు రేకులతో జాగ్రత్త

పాత బ్యారన్ల పైకప్పుకు వాడిన సిమెంటు రేకుల్లో చాలావరకు ఆస్‌బెస్టాస్ నార కలిసి ఉంటుంది. రేకు పగలనంత వరకు నార బయటికి రాదు. సుత్తితో పగలగొట్టినా, పై నుంచి కిందికి విసిరినా కంటికి కనిపించని నార గాలిలో కలిసి ఊపిరితిత్తుల్లో చేరుతుంది. అన్ని రకాల ఆస్‌బెస్టాస్ క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం స్పష్టం చేసింది. వ్యాధి బయటపడటానికి ఇరవై, ముప్ఫయ్యేళ్లు పట్టవచ్చు గనుక ఈ రోజు దుమ్ము పీల్చిన కూలీకి రేపు ఏమీ తెలియదు.

రేకులపై నీళ్లు చల్లి తడిపాకే పని మొదలుపెట్టాలి. బోల్టులు విప్పి రేకును రేకుగానే తాళ్లతో దించాలి. మూతికి తువ్వాలు చుట్టుకుంటే చాలదు. ఎన్-95 రకం మాస్కు అయినా ఉండాలి. పొడిగా చీపురుతో ఊడ్వరాదు. ముక్కలను బాటల్లో గుంతలు పూడ్చేందుకు వాడరాదు. తడిపి, మందపాటి ప్లాస్టిక్ సంచుల్లో కట్టి, ఎక్కడ అప్పగించాలో పంచాయతీ కార్యాలయంలో గానీ, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయంలో గానీ అడిగి తెలుసుకోవాలి.

మరో ముప్పు కూడా ఉంది. పాత సిమెంటు రేకు మనిషి బరువు మోయలేదు. దానిపై కాలు పెడితే విరిగి, మనిషి నేరుగా పదహారు అడుగుల కింద ఉన్న గట్టి నేలపై పడతాడు. వాసాలపై పలకలు పరచుకుని, వాటి మీదే నడవాలి.

బేరం మూడు రకాలు

కూల్చివేత గుత్తలు సాధారణంగా మూడు విధాలుగా కుదురుతాయి. ఒకటి, సామానంతా గుత్తదారుకు ఇచ్చి, అతడి నుంచే రైతు కొంత సొమ్ము తీసుకోవడం. రెండు, సామానుకు కూలి చెల్లు అన్న లెక్కన ఎవరికెవరూ డబ్బు ఇచ్చుకోకపోవడం. మూడు, సామానంతా రైతే ఉంచుకుని గుత్తదారుకు కూలి చెల్లించడం.

మొదటి రెండు పద్ధతుల్లో గుత్తదారు లాభం సామాను అమ్మకంపైనే ఆధారపడుతుంది. రేకులు, కలప, ఇనుము మొదటి రెండు రోజుల్లో లారీ ఎక్కేస్తాయి. ఆ తర్వాత అతడికి అక్కడ మిగిలేది శ్రమ, ఖర్చు మాత్రమే. అందుకే కొందరు గోడలు వదిలేసి మాయమవుతారు. మరికొందరు తక్కువ కూలికి దొరికిన మనుషులతో గోడలను హడావుడిగా పడగొట్టిస్తారు. మూడో పద్ధతిలో రైతు చేతి నుంచి డబ్బు పోయినట్లు కనిపిస్తుంది. కానీ పని ఏ వరుసలో సాగాలో శాసించే అధికారం అతడి చేతిలో ఉంటుంది.

మొదటి రెండు పద్ధతుల్లోనే వెళ్లదలచుకుంటే దానికీ ఒక మార్గం ఉంది. సామానును దించిన తర్వాత గోడలు నేలమట్టమయ్యే వరకు రైతు స్థలంలోనే ఉంచాలని, చివరి ట్రాక్టరు మట్టి బయటికి పోయాకే లారీ కదలాలని ముందుగా మాట్లాడుకోవాలి. గుత్తదారు దీనికి ఒప్పుకోకపోతే అతడి దగ్గర కొంత సొమ్ము ధరావతుగా తీసుకోవాలి.

రైతు వేసుకోవలసిన లెక్క

వ్యాపారి చెప్పిన ధర న్యాయమైనదో కాదో తేల్చుకోవాలంటే రైతు తన సామాను తానే లెక్కించుకోవాలి. 16 అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు గల బ్యారన్ నాలుగు గోడలూ కలిపి, మూలలు మినహాయిస్తే సుమారు 730 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకు 14 ఇటుకల చొప్పున దాదాపు 10 వేల ఇటుకలు. మట్టితో కట్టిన గోడ అయితే ఇటుక సులువుగా విడివడుతుంది. సిమెంటుతో కట్టినదైతే చాలావరకు పగిలిపోతుంది. సగం దక్కాయనుకున్నా 5 వేల ఇటుకలు. ఉదాహరణకు పాత ఇటుక ఒక్కటి 3 రూపాయలకు పోతే 15 వేల రూపాయలు. అందులోంచి గీకి, పేర్చే కూలిని తీసివేయాలి. మిగిలిన సగం మట్టి, ముక్కలుగా తేలుతుంది. అది అయిదారు ట్రాక్టర్ల తోలకం. ఈ తోలకం ఎవరి ఖర్చో తేల్చుకోకపోవడం వలనే తర్వాత తగవులు వస్తాయి.

ఇనుప గొట్టాలను, తలుపులను చూపు అంచనాతో ఇచ్చేయకూడదు. ఊళ్లో కాటాపై తూకం వేయించి, ఆ రోజు తుక్కు ధర ఇద్దరు వ్యాపారులను అడిగి తెలుసుకోవాలి. కలప విషయంలో తాటి వాసానికీ, టేకు దూలానికీ విలువలో ఎంతో తేడా ఉంటుంది. మసి పట్టి నల్లబడిన దూలాన్ని చూసి పనికిరానిదనుకోకుండా ఒక మూల చెక్కించి చూడాలి. కనీసం ముగ్గురి దగ్గర ధర అడిగాకే మాట ఇవ్వాలి. అందరికన్నా ఎక్కువ సొమ్ము ఇస్తానన్నవాడు పరంజా, కూలీల సంఖ్య, రోజుల గడువులో ఎక్కడ కోత పెడుతున్నాడో కూడా గమనించాలి.

కూల్చకముందే బోర్డుకు తెలపాలి

వర్జీనియా పొగాకు బ్యారన్ కేవలం కట్టడం కాదు. దాని నిర్మాణానికి, నిర్వహణకు పొగాకు బోర్డు లైసెన్సు ఉండాలి. వేలం కేంద్రంలో రైతు అమ్మకం ఆ రిజిస్ట్రేషనుతోనే ముడిపడి ఉంటుంది. పాతది కూల్చి అదే చోట కొత్తది కట్టదలచినా, వేరే చోటికి మార్చదలచినా ముందుగా వేలం కేంద్రం అధికారులను కలిసి, రాతపూర్వకంగా అనుమతి పొందాకే గునపం పట్టాలి. కూల్చిన తర్వాత వెళ్లి చెబితే, లేని బ్యారన్‌పై లైసెన్సు ఎలా కొనసాగుతుందన్న ప్రశ్న ఎదురవుతుంది. సాగు పూర్తిగా మానేసినవారు కూడా కాగితాల లెక్క ముగించుకోవడం మంచిది.

బ్యారన్‌పై బ్యాంకు రుణం ఉంటే బ్యాంకుకు చెప్పకుండా తొలగించరాదు. ఉమ్మడి ఆస్తి అయితే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల సంతకాలు తీసుకోవాలి. పట్టణంలో ఉంటున్న తమ్ముడికి తెలియకుండా అన్న సామాను అమ్మేస్తే ఆ నాలుగు వేల కోసం నలభై ఏళ్ల బంధం చెడుతుంది. కౌలుకు ఇచ్చిన బ్యారన్ అయితే కౌలుదారు సొంతంగా వేసుకున్న గొట్టాలు, కర్రలు ఏవో ముందే వేరుచేయాలి. పంచాయతీ పన్ను పడుతున్న కట్టడమైతే తొలగించిన తర్వాత దస్త్రాల నుంచి తీసివేయాలని దరఖాస్తు ఇచ్చుకోవాలి.

ఒప్పందంలో ఏం ఉండాలి?

పెద్ద లాయరు అవసరం లేదు. ఒక స్టాంపు కాగితంపై ఊళ్లో ఇద్దరు సాక్షుల ఎదుట ఈ అంశాలు రాసుకుంటే చాలు.

* గుత్తదారు పేరు, ఆధార్ ప్రకారం చిరునామా, ఫోను నంబరు. పని చేసే మేస్త్రి వేరైతే అతడి వివరాలు కూడా.
* కూల్చవలసిన కట్టడం ఏది, ఎంత వరకు. పునాది రాళ్లు, పొయ్యి గుంత, పొగగొట్టం, నేల గచ్చు ఇందులో కలిసి ఉన్నాయా లేదా.
* ఏ సామాను ఎవరికి. లెక్క, తూకం ఎవరి ఎదుట.
* గోడల మొదలు తొలిచి లాగకుండా, పై నుంచి కిందికి దించాలన్న షరతు.
* పరంజా, తాళ్లు, శిరస్త్రాణాలు, మాస్కులు గుత్తదారే తేవాలన్న మాట.
* పని మొదలు, ముగింపు తేదీలు. వాన పడితే ఎన్ని రోజులు పొడిగింపు.
* బయానా ఎంత, మిగిలినది ఎప్పుడు. స్థలం చదును అయ్యాకే ఆఖరి చెల్లింపు.
* మట్టి, ముక్కలు ఎక్కడికి తోలాలి. వాగులోనో, చెరువు అలుగులోనో పోయకూడదన్న నిబంధన.
* పక్క పొలం కంచె, బోరు, పైపులైను దెబ్బతింటే నష్టం ఎవరిది.
* కూలీల పేర్లు, వారి బీమా వివరాలు, ప్రమాదం జరిగితే పరిహార బాధ్యత.

ప్రమాదం జరిగితే...

ఒప్పందంలో ఆఖరి అంశాన్నే అందరూ దాటవేస్తారు. పనిలో ప్రమాదానికి యజమాని నష్టపరిహారం చెల్లించాలన్న సూత్రం 1923 నాటి చట్టం నుంచి ఉంది. 2025 నవంబరు 21న కార్మిక స్మృతులు అమల్లోకి రావడంతో ఈ విషయం సామాజిక భద్రతా స్మృతి పరిధిలోకి వచ్చింది. కూలీ మరణిస్తే నెల వేతనంలో సగాన్ని, వయసును బట్టి నిర్ణయించిన గుణకంతో హెచ్చించి పరిహారం లెక్కిస్తారు. నలభై ఏళ్ల వ్యక్తికి గుణకం 184.17. నెల వేతనం 10 వేల రూపాయలుగా తీసుకుంటే పరిహారం 9,20,850 రూపాయలు. బ్యారన్ సామానంతా అమ్మినా ఈ మొత్తానికి దరిదాపుల్లోకి రాదు.

కూలీలను పెట్టుకున్న గుత్తదారే మొదటి బాధ్యుడు. అయితే అప్పగించిన పని తన వ్యాపార వ్యవహారంలో భాగమైనప్పుడు పని ఇచ్చిన వ్యక్తిపై కూడా దావా వేసే వీలు చట్టంలో ఉంది. రైతుకు ఇది వర్తిస్తుందా లేదా అన్నది ఒక్కో కేసులో తేలవలసిన వివాదం. గుత్తదారు చిరునామాయే తెలియనప్పుడు బాధిత కుటుంబం స్థల యజమాని గుమ్మంలోనే కూర్చుంటుంది. వారికి మరో దారి ఉండదు.

క్రిమినల్ బాధ్యత వేరు. కట్టడం కూల్చేటప్పుడు మనుషుల ప్రాణాలకు ముప్పు రాకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోవడం భారతీయ న్యాయ సంహిత 290వ సెక్షను కింద నేరం. ఆరు నెలల వరకు జైలు, 5 వేల రూపాయల వరకు జరిమానా, లేక రెండూ విధించవచ్చు. నిర్లక్ష్యం వలన మరణం సంభవిస్తే 106వ సెక్షను కింద అయిదేళ్ల వరకు శిక్ష పడే అవకాశం ఉంది.

ప్రధానమంత్రి సురక్ష బీమా యోజన కింద ఏడాదికి 20 రూపాయల ప్రీమియంతో 2 లక్షల రూపాయల ప్రమాద బీమా లభిస్తుంది. బ్యాంకు ఖాతా ఉన్న 18 నుంచి 70 ఏళ్ల వారు చేరవచ్చు. పనిలోకి వచ్చే ప్రతి కూలీకి ఈ బీమా ఉందో లేదో అడగటం, లేకపోతే పని మొదలుకాకముందే చేర్పించమని గుత్తదారును పట్టుబట్టడం రైతుకు పెద్ద శ్రమ కాదు. నలుగురు కూలీలకు ప్రీమియం రైతే కట్టినా 80 రూపాయలే. అయితే ఇది చట్టం చెప్పిన పరిహారానికి బదులు కాదు. ఆపదలో కుటుంబానికి అందే మొదటి ఆసరా మాత్రమే.

పని ముగిశాక

గోడలు నేలమట్టమైనంత మాత్రాన పని పూర్తయినట్లు కాదు. పొయ్యి గుంతను పూడ్చకపోతే వానకాలంలో నీరు నిలిచి పశువులు పడతాయి. పునాది ఇటుకలు మట్టిలో మిగిలితే తర్వాత నాగలికి, ట్రాక్టరు పళ్లకు అడ్డుతగులుతాయి. మేకులు, రేకు ముక్కలు ఏరించకపోతే వట్టి కాళ్లతో నడిచే వారికి గాయాలు తప్పవు. ఇవన్నీ చూసుకున్న తర్వాతే ఆఖరి సొమ్ము గుత్తదారు చేతిలో పెట్టాలి.

బ్యారన్ కట్టేటప్పుడు రైతు ముహూర్తం చూసి, కొలతలు సరిచూసి, ఇటుక ఇటుకకూ లెక్క రాసుకుంటాడు. కూల్చేటప్పుడు మాత్రం ఎవరో వచ్చి తీసుకుపోతే చాలుననుకుంటాడు. కట్టేటప్పుడు పెట్టిన శ్రద్ధలో సగమైనా కూల్చేటప్పుడు పెట్టాలి. రెండు రోజులు ఆలస్యమైనా, నాలుగు వేలు తక్కువ వచ్చినా ఫరవాలేదు. ఉదయం పనికి వచ్చిన నలుగురూ సాయంత్రం నడిచి ఇళ్లకు వెళ్లాలి. గుత్త కుదుర్చుకునేటప్పుడు రైతు మొదట అడగవలసినది సామాను ధర కాదు, గోడలు ఎలా దించుతారన్న సంగతి.